ఇక్కడ ఏవీ పనిచేయవు

అధికారి పదకొండింటికి వస్తానన్నాడు. నేను ఎనిమిది నుంచే కాలుకాలిన పిల్లిలా గదులన్నీ తిరుగుతున్నాను. ఒకచోట కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. ఆ రోజు నిలబడడమూ చేతకాలేదు.

రోడ్డును ఆనుకుని ఉన్న నూట ఇరవై ఏళ్ల ఇల్లు మాది. రోడ్డు వెడల్పు చేసేవాళ్లు ముందు గది గోడ మీద ఎర్రగీత గీసి పోయారు. కాపాడవలసిన పాత కట్టడమని అధికారి రాసిస్తే ఇల్లు నిలుస్తుంది. లేకపోతే తాతయ్య పనిచేసిన గదితో సహా పోతుంది.

తాతయ్య రిపేర్లు చేసేవాడు. జనం ఇచ్చిపోయి మళ్లీ రాని రేడియోలు, గడియారాలు, కుట్టుమిషన్లు అరవై రెండు మిగిలాయి. వాటితో మ్యూజియం, వెనక హాల్లో నాటకాలు, పాటలు అనుకున్నాను. బస్సుల్లో పోయేవాళ్లు చూసి నవ్వుకుని దిగాలని గుమ్మం మీద బోర్డు పెట్టించాను: "ఇక్కడ ఏవీ పనిచేయవు."

నాటకాల వాళ్లతో మాట్లాడడానికి వెళ్లి, పది రోజులుండి ఆ ఉదయమే వచ్చాను. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే పదహారు గడియారాలు ఒక్కసారిగా ఎనిమిది కొట్టాయి.

"ఏం చేశావ్ బాబాయ్!"

"అన్నీ బాగుచేశానే. నీకు సాయంగా ఉంటుందని."

తాతయ్య పని అందుకున్నది బాబాయే. చెడిపోయిన వస్తువు కనబడితే ఆయన చెయ్యి ఊరుకోదు. తెలిసీ ఆయన్ని వాటితో ఒంటరిగా వదిలిపోవడం నా బుద్ధితక్కువ. అయినా ఒంటికాలి మీద లేచాను.

"పనిచేసే గడియారం చూడ్డానికి ఎవడొస్తాడు? వాళ్లింట్లో లేదా?"

పిన్నికి సందు దొరికింది. "ఊరందరివీ బాగుచేస్తారు. మన వీధి తలుపుకి గడియ పడక నలభై ఏళ్లయింది. తాడు కట్టుకుని పడుకుంటున్నాం!"

"అవును, చేతనైతే ముందు ఆ తలుపు సంగతి చూడు" అనేశాను. బాబాయి మొహం చిన్నబోయింది. నాకు బాధేసింది, కానీ అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

అధికారి వచ్చాడు. నేను వస్తువుల గురించి గడగడా మొదలుపెడితే చెయ్యి అడ్డం పెట్టాడు. "వాటితో నాకు పనిలేదండీ. నేను ఇల్లు చూడాలి."

పడని కిటికీ గడియలు చూశాడు. పగిలిన గచ్చు చూశాడు. మేడ మెట్లలో ఊగే మెట్టు మీద రెండుసార్లు ఎక్కి దిగాడు.

"ఇదెప్పటినుంచి ఇలా ఉంది?"

"నేను పుట్టకముందు నుంచీ." సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆయన రాసుకుంటుంటే ఇల్లు పోయినట్టే అనుకున్నాను.

మేడ మీద కలం మూశాడు. "ఈ రోడ్డు మీద పదకొండు పాత ఇళ్లు చూశాను. అందరూ కొత్త తలుపులు, కొత్త గడియలు పెట్టేసుకున్నారు. మీరు ఒక్క మేకు కూడా మార్చలేదు. వీధి తలుపు కూడా పాతదేగా? అదొక్కటీ చూసి సంతకం పెడతాను."

కింద నుంచి సుత్తి చప్పుడు వినబడింది.

మెట్లు ఎలా దిగానో నాకు తెలియదు. బాబాయి ఒక చేతిలో మెరిసే కొత్త గడియ, ఇంకో చేతిలో స్క్రూడ్రైవర్, కాళ్ల దగ్గర సుత్తి. పాత గడియ ఒకే ఒక్క మర మీద వేలాడుతోంది.

"బాబాయ్, ఆపు! బాగుచెయ్యకు!"

తీసిన మరలన్నీ బాబాయే మళ్లీ బిగించాడు. అధికారి సంతకం పెట్టి, "ఇకమీదట ఈ ఇంటిని ఎక్కడా బాగుచేయకూడదు" అని షరతు చెప్పాడు.

"ఇల్లు బాగుచేయకపోవడం ఆయనకి నలభై ఏళ్లుగా అలవాటేనండీ" అంది పిన్ని.

అందరం నవ్వాం. బాబాయి నవ్వలేదు. అధికారి వెళ్లాక నెమ్మదిగా అడిగాడు. "వస్తువులన్నీ అయిపోయాయి. ఇల్లు ముట్టుకోకూడదు. మరి నేనేం చెయ్యనే?"

ఆ మాట నన్ను కోసేసింది. ఊరికే కూర్చోలేనితనం ఏమిటో నాకు తెలుసు. ఆయన పనిబల్ల ఈడ్చుకొచ్చి ముందు గది మధ్యలో వేశాను. బోర్డు దింపి, వెనక్కి తిప్పి, నా చేత్తోనే రాసి, నిచ్చెనెక్కి మళ్లీ తగిలించాను: "ఇక్కడ ఇల్లు తప్ప అన్నీ పనిచేస్తాయి. మీవి పనిచేయకపోతే తీసుకురండి."

బాబాయి కింద నిలబడి రెండుసార్లు చదివాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"వంకరగా పెట్టావు. దిగు, నేను సరిచేస్తా" అన్నాడు.