రెండో మనిషి

"దాన్ని ఫెయిల్ చెయ్యరా," అంది మా అక్క, కూరగాయలు తరగడం ఆపి. "నీ చేతిలో పనే కదా."

ఓడల్లో పనిచేసేవాళ్ళకి భద్రత కోర్సులు చెప్పే శిక్షణ కేంద్రంలో నేను ఇన్‌స్ట్రక్టర్ని. అక్క ఫెయిల్ చెయ్యమంటున్నది తన కూతుర్నే. నా మేనకోడలు ఆఫీసరు పరీక్షలన్నీ గట్టెక్కింది, ఓడ కూడా ఖాయమైంది. ఇక మిగిలింది మా దగ్గర జరిగే కోర్సు, దాని చివర ప్రాక్టికల్. అది తప్పితే సర్టిఫికెట్ రాదు. సర్టిఫికెట్ లేకపోతే ఆ ఓడ ఇంకొకరిని ఎక్కించుకుని వెళ్ళిపోతుంది.

"ఈ ఒక్క ఓడ తప్పిపోతే చాలు. తర్వాత దాని మనసు నేను మారుస్తా."

"దాని మనసు మార్చడం నీ వల్ల ఎప్పుడైందే?"

"అందుకేగా నిన్నడుగుతున్నా."

కుదరదని చెప్పాల్సింది. కానీ నేను కూర్చున్నది బావ కుర్చీలో. అందులో కూర్చుని ఆ మాట అనడం చేతకాక సరేనన్నాను.

బావ బోసన్. అంటే డెక్కు మీద పనివాళ్ళకి పెద్ద. ఓడ ముందు భాగంలో లంగరు గొలుసు చుట్టలుగా పడి ఉండే ఇరుకు గది ఒకటి ఉంటుంది. దాన్ని చాలాకాలం మూసి ఉంచితే లోపలి తుప్పు గాలిలోని ప్రాణవాయువుని తినేస్తుంది. వాసన రాదు, పొగ రాదు, ఏమీ తెలియదు. బావ కింద పనిచేసే ఒకడు అందులోకి దిగి కుప్పకూలాడు. బావ మొహానికి తడి తువ్వాలు చుట్టుకుని వాడి వెనకే దిగాడు. తడి గుడ్డ పొగని కాస్త ఆపుతుందేమో గానీ, లేని గాలిని ఎక్కడినుంచి తెస్తుంది? ఓడల వాళ్ళకి ఈ సంగతి తెలియక కాదు. కళ్ళ ముందు తోటివాడు పడిపోతే, తెలిసినవాడూ తువ్వాలు తడుపుకుని దిగుతాడు. ఇద్దరినీ బయటికి తీసేసరికి అంతా అయిపోయింది. ఆ ఓడలో గాలి కొలిచే మీటరు లేదు. ఉండి తీరాలని అప్పటికి రూలూ లేదు. కంపెనీ సంతాపం తెలిపి చేతులు దులుపుకుంది.

ఆ తర్వాత రూలు మార్చే తతంగం మొదలైంది. దేశదేశాల పెద్దలు ఒకచోట చేరడం, ఒక వాక్యం దగ్గర తగువుపడి విడిపోవడం, మళ్ళీ చేరడం. "తప్పనిసరి" అని రాయాలా, "వీలైనంతవరకు" అని రాయాలా అన్న దగ్గరే బోలెడు కాలం గడిచింది. వాళ్ళు ఆ మాట తేల్చేలోగా నా మేనకోడలు బడి దాటింది, కాలేజీ దాటింది. ఈలోగా ఎన్ని ఓడల్లో ఎంతమంది తువ్వాళ్ళు తడుపుకున్నారో ఎవరికి కావాలి? చివరికి మీటరు తప్పనిసరి అయింది, ఆ గదుల్లోంచి మనిషిని తీసే డ్రిల్లు తప్పనిసరి అయింది, ఇప్పుడు సర్టిఫికెట్ కావాలంటే ఆ డ్రిల్లు స్వయంగా చేసి చూపించాలన్నారు. అంతకు ముందు మా కేంద్రంలో అదంతా మొక్కుబడి వ్యవహారం. గాలి సిలిండరు వీపుకి తగిలించుకుని ఫోటో దిగడం, టీ తాగడం, సంతకం పెట్టి వెళ్ళడం.

కొత్త రూలుతోపాటు, క్లాసులో తెర మీద చూపించి చదవాల్సిన పాఠం కూడా పైనుంచి తయారుగా వచ్చింది. అందులో బావ ప్రమాదం ఒక ఉదాహరణ. ఓడ పేరు లేదు, మనుషుల పేర్లు లేవు. "మొదటి మనిషి: గాలి పరీక్షించకుండా ప్రవేశించాడు. రెండో మనిషి: విధానాన్ని ఉల్లంఘించాడు." అది చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆయన పోయాక పుట్టిన విధానాన్ని ఆయన ఎలా ఉల్లంఘిస్తాడు? ఈ ముక్కే పైకి రాసి పంపాను. గోడకి చెప్పుకున్నట్టే అయింది. అందుకని ప్రతి బ్యాచికీ నా నోటితోనే ఆ మాట చదువుతున్నాను. ఈసారి మొదటి వరసలో నా మేనకోడలు కూర్చుని దాన్ని రాసుకుంది.

"అది నాన్న గురించేగా మామయ్యా," అంది బయట టీ తాగేటప్పుడు.

"అవును."

"రెండు ముక్కల్లో తేల్చేశారు." గ్లాసు అక్కడ పెట్టి క్లాసులోకి వెళ్ళిపోయింది.

ప్రాక్టికల్ ఇలా ఉంటుంది. మా ఆవరణలో ఆ గొలుసు గదిలాంటి ఇనప గది ఒకటి కట్టారు. లోపల చీకటి. గాలికి మాత్రం లోటు లేదు. పరీక్షకి వచ్చినవాళ్ళు తలుపు దగ్గర కాపలా ఉండాలి. లోపలి మనిషి పలకకపోతే అలారం కొట్టాలి, వాకీటాకీలో చెప్పాలి, సిలిండర్లు తగిలించుకున్నవాళ్ళు వచ్చేదాకా బయటే నిలబడాలి. అడుగు లోపల పెడితే ఫెయిల్. మామూలుగా లోపల ఇసక నింపిన బొమ్మ పడి ఉంటుంది. కిందటి బ్యాచి వాళ్ళు ఈడ్చిన ఈడ్పుకి దాని పొట్ట పగిలింది. కొత్తది ఇంకా రాలేదు. అందుకని బొమ్మ పని నేనే చేస్తున్నాను.

అక్కడే నాకు దారి దొరికింది. దొంగ మార్కులు వెయ్యక్కర్లేదు. పిల్ల దానంతట అదే లోపల అడుగు పెడితే ఫెయిలవుతుంది, అక్క మాటా దక్కుతుంది.

ఓడల్లో ఒక పాత అలవాటు ఉంది. గదిలోకి దిగినవాడు స్పానరుతో ఇనప రేకు మీద కొడుతుంటాడు, తలుపు దగ్గరవాడు తిరిగి కొడతాడు. ఉన్నావా అంటే ఉన్నాననడం. ఇది రూలు పుస్తకంలోది కాదు. బావ సెలవులో ఇంటికొస్తే స్నానాల గదిలోంచి తలుపు మీద రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ కొట్టేవాడు. ఈ పిల్ల బయటినుంచి అలాగే కొట్టేది. ఆయన ఆటకి కొట్టడం మానేస్తే, తలుపు తీసేదాకా ఏడ్చి ఇల్లు పీకి పందిరేసేది.

దాని వంతు వచ్చింది. నేను స్పానరు పట్టుకుని చీకట్లో పడుకున్నాను. రెండు చిన్నవి, ఒక పెద్దది కొట్టాను. బయట కాసేపు ఏమీ లేదు. తర్వాత జవాబు వచ్చింది, అచ్చం అదే లెక్కలో. మళ్ళీ కొట్టాను, మళ్ళీ వచ్చింది. అప్పుడు ఆపేశాను.

"పిడుగూ," అన్నాను నీరసంగా. దాన్ని అలా పిలిచేది బావ ఒక్కడే. "పిడుగూ, రావే."

బూట్ల చప్పుడు గడప దాకా వచ్చింది. రా అనుకున్నాను. అదే క్షణంలో వద్దు అనీ అనుకున్నాను.

అలారం మోగింది. వాకీటాకీలో దాని గొంతు వినిపించింది. "గదిలో మనిషి పడిపోయాడు. పలకడం లేదు. నేను లోపలికి వెళ్ళడం లేదు. సిలిండర్లతో రండి."

తర్వాత మళ్ళీ ఆ దెబ్బలు మొదలయ్యాయి. రెండు చిన్నవి, ఒక పెద్దది. చప్పుడు మాత్రం ఇనుము మీద ఇనుము కొట్టినట్టు లేదు, మొద్దుగా ఉంది. నేను జవాబివ్వలేదు. అది ఆపలేదు. బావ కూడా ఆ రోజు తలుపు దగ్గర ఇలాగే కొట్టి ఉంటాడు, జవాబు రాకే దిగి ఉంటాడు అనిపించింది. నా మీద నాకే అసహ్యం వేసింది. వాళ్ళొచ్చి నన్ను ఈడ్చేదాకా ఏడుస్తూనే పడి ఉన్నాను.

నౌకా రవాణా శాఖ తరఫున పరీక్ష చూడ్డానికి వచ్చిన ఇన్‌స్పెక్టరు పెన్ను తీసి నన్నడిగాడు. "ఆ కొట్టడమేంటండీ? విధానంలో లేదే."

"లేదు సార్. ఒకప్పుడు గాలి కొలిచే మీటరూ విధానంలో లేదు."

ఆయనకి అర్థమైందో లేదో గానీ పెన్ను జేబులో పెట్టుకున్నాడు. నా మేనకోడలు పాసైంది.

ఇంటికి ఇద్దరం కలిసే వెళ్ళాం. అక్క గుమ్మంలోనే నా మొహం చూసి సంగతి గ్రహించింది. దాచి లాభం లేదని మొత్తం చెప్పేశాను. "బావ పిలిచినట్టే పిలిచానక్కా. అయినా రాలేదు."

తప్పిస్తానన్నవాణ్ణి నేను. అక్క కోపం మాత్రం కూతురి మీదికి పోయింది.

"మామయ్య లోపల పడి పిలుస్తుంటే గుమ్మంలో నిలబడి చూశావా? మీ నాన్నే అయితే..." అని, ఆ మాట ఎక్కడికి పోతోందో తెలిసి ఆగిపోయింది.

"నాన్నకి ఎవరూ చెప్పలేదమ్మా," అంది అది. "నాన్న పోయాడు కాబట్టి నాకు చెప్పారు."

అక్క మంచినీళ్ళు తెచ్చింది. అది ఎడమచేత్తో గ్లాసు అందుకుంది. అక్క దాని కుడిచెయ్యి లాగి చూసింది. వేళ్ళ కణుపుల మీద తోలు లేచిపోయి నెత్తురు గడ్డకట్టి ఉంది.

"ఇదేంటే?"

"స్పానరు లోపల మామయ్య దగ్గరుంది," అంది నా మేనకోడలు.

అక్క ఆ చెయ్యి వదల్లేదు. అలా పట్టుకునే నా వైపు తిరిగి, "ఇంక నువ్వెళ్ళరా," అంది.