గేటు దగ్గర చెప్పులు

నంద్యాలలో ఇత్తడి సామాన్ల అంగడి నడిపే మహీధర్ రెండు రోజులుగా కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. భార్య కావ్య ఒక తోట బొమ్మ గీసి, హాల్లో తగిలించి, ఆళ్లగడ్డలోని పుట్టింటికి పోయింది. ఎప్పుడొస్తావని ఫోన్ చేస్తే, చూద్దాం అంది. ఆ చూద్దామే అతన్ని నిద్రపోనివ్వడం లేదు.

బొమ్మలో ఉన్నది ఆమె పుట్టింటి ముందరి తోట. మల్లెపొదల నిండా మొగ్గలే, ఒక్కటీ విచ్చుకోలేదు. గేటు ఓరగా తెరిచి ఉంది. గేటు లోపల ఒక జత చెప్పులు, మొనలు వీధి వైపు. ఎడమ చెప్పు మీద చిన్న నల్ల చుక్క. బొమ్మకు కూడా దిష్టి చుక్క పెట్టిందనుకున్నాడు. ఏటేటా అంగడికి కొత్త గుమ్మడికాయ కట్టేవాడికి అంతకంటే ఏం తోస్తుంది!

మహీధర్ వాళ్లమ్మ మహానందమ్మ ఆ బొమ్మను ఎగాదిగా చూసింది. "చెప్పులు బయటికి తిరిగుండాయంటే, పోయేదానికి తయారైనట్టే నాయనా," అనేసింది. అసలే కోతి, ఆపైన కల్లు తాగినట్టయింది అతని పని. మహీధర్ అంగడిని పనివాళ్లకు వదిలేసి ఆళ్లగడ్డ బస్సెక్కాడు.

అతను గేటు దాటి, చెప్పులు విడిచి లోపలికి వచ్చేసరికి కావ్య మల్లెపొదలకు నీళ్లు పోస్తోంది. కుశలం కూడా అడగలేదతను.

"బొమ్మలో చెప్పులు నీవేనా? నన్నిడిసి పోతాండావా?"

కావ్య చెంబు దించింది. "గేటు కాడ ఎప్పుడూ కనపడేవే గీసినా," అంది.

ఇంతలో అంగడి నుంచి ఫోన్. పెండ్లి సామాన్ల బేరమట, పెద్దదట. ఇప్పుడే బయల్దేరుతున్నానని చెప్పి, అలవాటుగా గేటు వైపు నడిచాడు. చెప్పుల్లో కాలు పెట్టబోయి ఆగిపోయాడు. మొనలు వీధి వైపే ఉన్నాయి. గిరాకీ వస్తే ఠక్కున లేచి పోవాలని చిన్నప్పుడు నాయన నేర్పిన అలవాటది. ఎడమ చెప్పు పట్టీ తెగితే నల్లదారంతో కుట్టించిన ముడి, బొటనవేలి దగ్గర చుక్కలా కనిపిస్తోంది.

పెళ్లయిన నాలుగేళ్లలో ఈ ఇంట్లో కాఫీ కూడా అతను నిలబడే తాగాడు. సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

"పోయేటోన్ని నేనే కదా కావ్యా."

ఆమె పైట కొంగుతో పొదల పక్కనున్న గట్టు మీద తడి తుడిచింది. "మొగ్గలు సాయంత్రానికి విచ్చుకుంటాయి. నువ్వు ఒక్కసారీ చూళ్ళేదు."

ఫోన్ మళ్లీ మోగింది. మహీధర్ తీయలేదు. వచ్చి గట్టు మీద కూర్చున్నాడు గానీ, కాలు మాత్రం ఆడుతూనే ఉంది.