బదులు ఆశించని సొమ్ము

ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీలో తెల్లవారుజామున నాలుగింటికి పనిలోకి దిగిన ఫువాటినో మధ్యాహ్నం ఇల్లు చేరేసరికి, లోన్లు ఇప్పించే నోలీన్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. భర్త టవీటా సోఫాలో వెల్లకిలా పడుకునే, టీ తాగుతారా అని ఆమెను అడిగినట్టున్నాడు. బల్ల మీద కప్పు మాత్రం లేదు. గోదాములో పెట్టె ఎత్తబోయి నడుం పట్టేసుకున్న నాటినుంచి, పదకొండు నెలలుగా, అతని మర్యాదలన్నీ మాటలతోనే సరి.

"మొత్తానికి లోను ఇవ్వడానికి ఒకళ్ళు ఒప్పుకున్నారు," అంది నోలీన్. "ఇంటి ధరలో పదో వంతు మీరు కడితే చాలు. ఐదేళ్ళ దాకా వడ్డీ ఒక్కటే కట్టుకోవచ్చు. అసలు జోలికి పోనక్కర్లేదు."

ఫువాటినో బూట్లు విప్పకుండానే కూర్చుంది. విప్పితే మళ్ళీ లేవలేదు.

లోగన్‌లోని ఈ ఇంట్లో వాళ్ళు, సమోవా దీవులనుంచి వలసవచ్చాక, పద్నాలుగేళ్ళుగా అద్దెకుంటున్నారు. యజమాని అమ్మకానికి పెడుతున్నాడు. శుక్రవారంలోగా మీరు కొంటే సరే, లేకపోతే గేటుకు బోర్డు కడతానన్నాడు. అసలూ వడ్డీ కలిపి కట్టడానికి ఆమె ఒక్క జీతం చాలదు. టవీటా నడుం బాగుపడేదాకా, పెద్దమ్మాయి నర్సు చదువు పూర్తయ్యేదాకా వడ్డీతో నెట్టుకొస్తే ఎలాగో గట్టెక్కుతారు. ఆ తర్వాత నెలనెలా కట్టేది ఒక్కసారిగా పెరుగుతుంది. దాని గురించి ఆలోచించే ఓపిక ఆమెకు మిగల్లేదు. రెండు బ్యాంకులు కాదన్నాక దొరికిన దారి ఇది.

కట్టవలసిన పదో వంతులో సగం పైచిలుకు తామే కూడబెట్టారు. మిగతాది మేనమామ పెనిటాలా ఇస్తానన్నాడు. తోళ్ళ ఫ్యాక్టరీ మూసేసినప్పుడు ఆయన చేతికొచ్చిన డబ్బు అది.

"ఇక ఆ డబ్బు అప్పు కాదని మీ మామయ్య సంతకం ఒక్కటే కావాలి," అంది నోలీన్, ఒక కాగితం బయటికి తీసి.

పెనిటాలా చెప్పిన వేళకే వచ్చాడు. నడుముకు లుంగీలా చుట్టిన లావలావా, పైన చర్చికి తొడుక్కునే తెల్లచొక్కా. ముందు లోను సంగతంతా విన్నాడు.

"అంటే ఐదేళ్ళు కట్టాక కూడా అసలు చెక్కుచెదరదా?"

"చెదరదు మామయ్యా."

"మన సమోవావాళ్ళ చుట్టరికం లాంటిదేనన్నమాట. కడుతూనే ఉంటాం, తీరదు," అని నవ్వి, కళ్ళజోడు పెట్టుకుని కాగితం చదవడం మొదలుపెట్టాడు. ఉన్నవి రెండు వాక్యాలు. వాటికి ఆయన చాలాసేపు తీసుకున్నాడు. చివరికి కలం కింద పెట్టాడు.

"మొదటిది నిజమే. ఈ డబ్బు తిరిగివ్వనక్కర్లేదు. రెండోది అబద్ధం."

రెండో వాక్యం ఇది: ఈ సొమ్ముకు బదులుగా ఆమెనుంచి ఎప్పటికీ ఏమీ ఆశించను.

"అది మామూలుగా ఉండే మాటే పెద్దాయనా," అంది నోలీన్. "అందరూ కళ్ళు మూసుకుని పెట్టేసే సంతకమే."

"కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తానమ్మా. సంతకం పెట్టను." ఆయన మేనకోడలి వైపు తిరిగాడు. "ఫువా, మీ అమ్మ పోయినప్పుడు నేనేం తెచ్చాను?"

"పన్నెండు చాపలు. రెండు పందులు. మాంసం డబ్బాలు నాలుగు పెట్టెలు."

"రేపు నేను పోతే నువ్వు వట్టి చేతులతో వస్తావా?"

"రాను."

"వస్తే ఊరుకుంటానా? శవపెట్టెలోంచి లేచి తిడతాను. మరి ఏమీ ఆశించనని ఎలా రాసివ్వను? చర్చి పెద్దని. వయసు డెబ్బై ఒకటి."

"ఆ వాక్యం కొట్టేస్తే?" అని సోఫాలోంచి అడిగాడు టవీటా.

నోలీన్ తల అడ్డంగా ఊపింది. "కొట్టేస్తే చెల్లదు. ఇందులో అప్పు వాసన తగిలిందంటే లోను ఇవ్వరు. మళ్ళీ మొదటికొస్తాం."

ఫువాటినోకు కోపం రాలేదు. కోపానికీ కొంత బలం కావాలి. పైగా ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. బల్ల అంచు పట్టుకుని లేచి పడగ్గదిలోకి వెళ్ళింది. పరుపు ఒక పక్కకి ఎత్తింది.

దాని కింద ఒక చాప పరిచి ఉంది. మొగలి ఆకుల్ని దారమంత సన్నగా చీల్చి అమ్మ తొమ్మిది నెలలు అల్లింది. అంచున ఎర్ర ఈకలు. పట్టుకుంటే పాత పంచెలా మెత్తగా జారుతుంది. మామయ్య పోయిన రోజున తీసుకెళ్ళడానికని దాన్ని పదేళ్ళుగా దాచింది.

దాన్ని తెచ్చి ఆయన ముందు విప్పింది. ఇచ్చే చాపను ఇద్దరు నిలువునా పట్టి చూపించడం ఆచారం. రెండో కొస పట్టుకోవడానికి టవీటా లేవలేడు. నోలీనే లేచి పట్టుకుంది, ఎంత ఎత్తున పట్టుకోవాలో తెలియక.

పెనిటాలా అంచునున్న ఈకలు చూశాడు. చెల్లెలి చేతిపని గుర్తుపట్టాడు.

"నన్ను బతికుండగానే పంపేస్తున్నావన్నమాట."

"శుక్రవారంలోపు పోయే ఉద్దేశముంటే చెప్పు మామయ్యా, ఆగుతాను."

టవీటా నవ్వబోయి, నడుం పట్టుకుని మూలిగాడు.

ముసలాయన నవ్వలేదు. "ఇది తీసుకుంటే నీనుంచి నాకు రావలసిందేమీ ఉండదు. నానుంచి నీకూ ఉండదు. రేపు నా శవం దగ్గరికి నువ్వు పక్కింటామెలా వచ్చి కూర్చోవాలి. తెలిసే ఇస్తున్నావా?"

"తెలిసే ఇస్తున్నాను," అందామె. చేతులు నొప్పి పుడుతున్నాయి. పొద్దుటినుంచీ తడి దుప్పట్లు లాగిన చేతులు.

ఆయన చాప కొస తలకు తాకించుకున్నాడు. తర్వాత కలం తీసుకుని, రెండో వాక్యం మరోసారి చదువుకుని, సంతకం పెట్టాడు. ఇప్పుడు అది నిజమే.

నోలీన్ కాగితం సంచిలో పెట్టుకుని, శుక్రవారం దాకా ఆగనక్కర్లేదని చెప్పి వెళ్ళిపోయింది. ఇల్లు దక్కింది.

పెనిటాలా మడిచిన చాప చంకన పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. వీధికేసి చూస్తూనే అడిగాడు.

"మీ ఇంట్లో కోకో ఉందా?"

"ఉంది. ఏం?"

"మా ఇంట్లో అయిపోయింది. ఒక గిన్నెడు అప్పియ్యి."

ఊరినుంచి వచ్చిన కోకో మూటను నిన్ననే మామయ్య ఇంట్లో అత్తయ్య విప్పిందని ఫువాటినోకు తెలుసు. అందులోంచి వీళ్ళకూ ఒక పొట్లం పంపింది. ఆమె ఆ పొట్లంలోని కోకోనే గిన్నెలోకి నిండుగా పోసి మూతపెట్టి ఇచ్చింది.

"గిన్నె కూడా తిరిగిచ్చెయ్యాలి," అంది.

"చూద్దాంలే. తొందరేముంది?" అంటూ ఆయన మెట్లు దిగాడు.

అప్పుడు ఫువాటినో గుమ్మంలోనే కూర్చుని బూట్లు విప్పుకుంది.