సన్యాసమ్మ కూర్చోని కుర్చీ

నేను ఒక కుర్చీని. నాకు నాలుగు కాళ్ళున్నాయి గానీ చేతులు లేవు. విరిగిపోలేదండీ, వద్దని చెప్పి మరీ చేయించారు. విశాఖపట్నంలో ఒక విశ్వవిద్యాలయం వాళ్ళు తమ జనాభా అధ్యయన శాఖ కోసం వేపచెక్కతో నన్ను తయారు చేయించి, నా ఎత్తును టేపుతో మూడుసార్లు కొలుచుకున్నారు. ముసలివాళ్ళు చేతులు గుండెల మీద కట్టుకుని నా మీద కూర్చోవాలి, ఏ ఊతమూ లేకుండా ఐదుసార్లు లేవాలి. దాన్నిబట్టి ఒంట్లో సత్తువ ఎంతుందో తేల్చి ప్రభుత్వానికి నివేదిక రాస్తారట. కుర్చీ కోసం కొట్టుకునే మనుషుల గురించి విన్నాను గానీ, కుర్చీలోంచి లేస్తే మెచ్చుకునే చదువొకటి ఉందని అప్పుడే తెలిసింది.

పరిశోధన చేస్తున్న హైమ అనే అమ్మాయి నన్ను ఆటో మీద కట్టించి విజయనగరం జిల్లాలో ఒక ఊరికి తీసుకెళ్ళింది. బడి వరండాలో నన్ను వేసింది. ముందుగా ఎనభై రెండేళ్ళ అప్పలస్వామి వచ్చాడు. ఐదుసార్లు లేవమంటే ఆరుసార్లు లేచి, తరవాత పర్యవేక్షణ తన బాధ్యత అన్నట్టు ఎదురుగా బల్ల లాక్కుని కూర్చున్నాడు. అక్కడే వచ్చింది తంటా.

ఆడవాళ్ళలో మొదటి వంతు సన్యాసమ్మది. డెబ్బై ఒక్కేళ్ళు. ఊరి పక్క సర్కారు మొక్కల తోటలో పన్నెండేళ్ళుగా పని చేస్తోంది. ఆమె నన్ను చూసింది, ఎదురుగా ఉన్న అప్పలస్వామిని చూసింది, కొంగు నెత్తిమీదికి లాక్కుని తల అడ్డంగా ఊపింది. వెనకున్న ఇరవై ఇద్దరూ ఆ తోటలో పనిచేసేవాళ్ళే, వాళ్ళూ అంతే. ఊరి వరసలో వాళ్ళందరికీ ఆయన బావగారు మరి. ఆ ఊళ్ళో బావగారి ఎదుట కుర్చీలో కూర్చునే ఆడది లేదు. పట్నంలో పెరిగిన హైమకి ఈ సంగతేం తెలుసు? ఆమె ఫారంలో రెండే గళ్ళు: లేచారు, లేవలేకపోయారు. ఇరవై ముగ్గురికీ రెండో గడిలో టిక్కు పెట్టింది.

నివేదిక మీద విశ్వవిద్యాలయంలో సభ పెట్టారు. ఆ ఊరి ఆడవాళ్ళలో ఒక్కరూ కుర్చీలోంచి లేవలేరని తెరమీద బొమ్మలు వేసి చూపిస్తే అందరూ అయ్యో అన్నారు. కుర్చీలు చాలక జిల్లా అధికారి ఒకాయన నామీదే కూర్చున్నాడు. సభ అయ్యాక బల్ల పట్టుకుని రెండో ప్రయత్నంలో లేచాడు. ఆయన పేరు మాత్రం ఏ గడిలోనూ ఎక్కలేదు. పాపం, మనసున్న మనిషి. నివేదిక చదివి నెల తిరక్కుండా ఉత్తర్వు ఇచ్చాడు: ఆ ఆడవాళ్ళకి తోటపని నుంచి విశ్రాంతి, తలా ఒక చేతికర్ర.

ఆరు నెలలకి రెండో విడత కొలతలొచ్చాయి. హైమ నన్ను సన్యాసమ్మ పెరట్లో దింపి ఆటోవాడితో మాట్లాడ్డానికి వీధిలోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి సన్యాసమ్మ నా మీద ఎక్కి నిలబడి, సర్కారువారి చేతికర్రని చిక్కుడు పందిరికి కడుతోంది.

"నన్ను పన్లోంచి తీసీసింది నువ్వేనేటి?" అంది, పైనుంచే.

"మీరు కుర్చీలోంచి లేవలేదు కదా మామ్మా!"

"కూకుంతే కదా లెగడానికి? బావగోరి ముందర కుర్సీలో కూకుంతానేటి?"

హైమ మొహం సిగ్గుతో కందగడ్డ అయింది. సన్యాసమ్మ కిందికి దిగి, "ఇంట్లో ఊరికే కూకుంతే మోకాళ్ళు నిజంగానే బిగుసుకుపోతన్నాయమ్మా. తోటలోకెల్తే నాలుగు మాటలూ ఉంటాయి, ఒళ్ళూ వంగుతాది. నా పని నాకిప్పించీ" అంది. అప్పుడు మాత్రం ఆమె గొంతులో కోపం లేదు. నాకే ఏదోలా అయింది.

విషయం విన్న హైమ ప్రొఫెసరుగారు, సభల్లో మెప్పు పొందిన నివేదిక కదా, చివర్లో చిన్న గమనిక వేస్తే సరిపోతుందన్నారు. హైమ ఒప్పుకోలేదు. "ముసలివాళ్ళ మేలు కోసం చదివి, వాళ్ళ పని ఊడగొట్టాను సార్" అని, నన్నూ సన్యాసమ్మనీ వెంటబెట్టుకుని జిల్లా కార్యాలయానికి వెళ్ళింది. మరదలికి తోడుగా అప్పలస్వామీ బయల్దేరాడు.

అధికారి అంతా విని తల గోక్కున్నాడు. "కర్రలు కూడా పంచేశాం కదమ్మా. ఇప్పుడు లేస్తారంటే ఆధారం ఏమిటి?"

హైమ నన్ను గది మధ్యలో వేసింది. సన్యాసమ్మ కదల్లేదు, బావగారి వైపు ఓరగా చూసి తల దించుకుంది. అప్పలస్వామికి అప్పుడు తెలిసింది, ఇంతమంది పని పోగొట్టిన మనిషి తనేనని. గొంతు సవరించుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"కూకోమ్మా. నాను లెక్కెడతాను" అన్నాడు గోడతో.

సన్యాసమ్మ చేతులు కట్టుకుని కూర్చుంది, లేచింది. ఒకటి. రెండు. అయిదు దాటినా ఆయనా ఆపలేదు, ఆమె కూడా ఆపలేదు.

"అయిదు చాలమ్మా" అన్నాడు అధికారి.

"మీరు రాసీయండి బాబూ, అప్పుడాపీస్తాను. ఇరవై మూడు పేర్లున్నాయి."

ఆయన గబగబా కాగితం లాక్కున్నాడు. కింద సంతకం పడేసరికి అప్పలస్వామి లెక్క ఇరవై ఆరుకి చేరింది. ఇరవై ఏడోసారి సన్యాసమ్మ కూర్చోలేదు. కాగితం మడిచి కొంగున ముడేసుకుని, తెల్లారితే పనికెళ్ళాలి, ఆఖరి బస్సు పోతుందంటూ బావగారిని తొందరపెట్టింది.