ముప్పయ్యేళ్ళ వాన లెక్క

హరితకు ఆ గురువారం పొద్దున వచ్చిన మెయిల్ మరీ మర్యాదగా ఉంది. భయం వేసింది అందుకే. తిట్టేవాళ్ళకు మనమీద ఇంకా ఆశ మిగిలి ఉంటుంది. మర్యాద పెరిగిందంటే మాత్రం అవతలివాళ్ళు విస్తరి ముందు నుంచి లేవబోతున్నారని అర్థం.

మెయిల్ రాసినాయన పేరు యోహాన్, జర్మనీలో ఉంటాడు. హరిత కుప్పంలో ఇంజనీరింగు చివరి ఏట్లో అడుగుపెట్టిన పిల్ల. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. ఇద్దర్నీ కలిపింది ఒక లెక్కల సాఫ్ట్‌వేర్. పెద్ద పెద్ద పట్టికల్లోని అంకెలను కూడి, సగటు తీసి, గీతలు గీసి చూపిస్తుంది అది. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, లోపలి కోడ్ విప్పి చూడొచ్చు, చేతనైతే బాగుచేయొచ్చు. ఏటా సెలవుల్లో దేశదేశాల విద్యార్థులను కొందరిని ఏరి, తలకొక పని అప్పజెప్పి, చెప్పి చేయించడానికి తలకొక మెంటర్‌ను పెట్టేవారు. 2008లో అట్లా ఏరినవాళ్ళలో హరిత ఉంది. ఫైలులోని అంకెలను చదివి నెలవారీగా, ఏడాదివారీగా మొత్తాలు తేల్చే భాగం ఆమె రాయాలి. ఆమె మెంటర్ యోహాన్.

ఎంపికైన వార్త రాగానే కాలేజీలో మైకు పెట్టి మరీ చదివారు. పుంగనూరులో చింతపండు మండీ నడిపే వాళ్ళ నాన్న రాజగోపాల్, మండీకి వచ్చిన ప్రతి రైతుకూ ఈ సంగతి చెప్పాడు, రైతుకు అర్థమైనా కాకున్నా. చాటింపు అంతా అయ్యాక ఇప్పుడు సగంలో పరీక్ష వచ్చింది. శుక్రవారం సాయంత్రంలోగా యోహాన్ పాస్ అని రాస్తే పని ముందుకు సాగుతుంది. ఫెయిల్ అని రాస్తే అక్కడితో సరి, పేరు కొట్టేస్తారు.

"నీ ప్రోగ్రాం చిన్న ఫైళ్ళ మీద చక్కగా నడుస్తోంది. నువ్వు పంపిన వాన ఫైలు మీద మాత్రం నా దగ్గర కూడా మొత్తం రావడంలేదు, 'సంఖ్య కాదు' అని వస్తోంది. నిజమైన లెక్క మీద నడవనిదాన్ని పాస్ చేయలేను. రేపు సాయంత్రం దాకా ఎదురుచూస్తాను. శుభాకాంక్షలతో," అని రాశాడు యోహాన్.

ఆ వాన ఫైలు హరిత తనంతట తాను తలకెత్తుకున్నది. వాళ్ళమ్మకు చిన్నాన్న వరస కొండప్ప, రామకుప్పం పక్కన రాగులు పండించే రైతు. ముప్పయ్యేళ్ళుగా ప్రతి పొద్దునా వాన కొలిచే డబ్బా చూసి, ఎన్ని మిల్లీమీటర్లు పడిందో నోటుబుక్కులో రాసేవాడు. పడకపోతే సున్నా రాసేవాడు. చేలో ఏనుగులు పడి తొక్కిపోయిన రోజు కూడా డబ్బా చూడటం మానలేదు. ఈ లెక్క మీద తన ప్రోగ్రాం నడిపి చూపిస్తానని హరిత యోహాన్‌కు గొప్పగా రాసింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఇప్పుడు అనిపిస్తోంది.

నోటుబుక్కులను కంప్యూటర్లోకి ఎక్కించింది పాపక్క. ఆమె రాజగోపాల్‌కు అక్క, హరితకు మేనత్త. మదనపల్లెలో ఇరవై ఆరేళ్ళుగా టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుతోంది. ఒకప్పుడు పొద్దున ఆరు నుంచి బ్యాచీలు. ఇప్పుడు ఎనిమిది మిషన్లకు ముసుగులు, ఒక మూలన పాత కంప్యూటరు. "పదివేల అంకెలా? నీకు యాల శ్రమ, నేను కొట్టిపెడతా," అని లాక్కుని, పన్నెండు రోజుల్లో పూర్తిచేసి పెన్ డ్రైవ్ పంపించింది. ఒక్కో నెలకు ఒక్కో వరుస, రోజుకొక అంకె. మూడుసార్లు సరిచూశానని కూడా చెప్పింది.

వారం నుంచి హరిత ఆ ఫైలుతో కుస్తీ పడుతోంది. ఫిబ్రవరి మొత్తాలు చాలా ఏళ్ళకు సరిగ్గా వస్తున్నాయి. జూన్, సెప్టెంబరు వచ్చేసరికి 'సంఖ్య కాదు' అంటోంది. అంటే వాన పడని నెలల్లో లెక్క బాగుంది, పడితే చాలు లెక్కే తడిసిపోతోంది. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక పట్టింపు ఉంది. వెయ్యి అంకెల్లో ఒక్కటి అంకె కాకపోయినా మొత్తాన్నే ఒప్పుకోదు. కుండెడు పాలలో ఒక్క విషపు చుక్క పడ్డట్టే. ఆ చుక్క ఎక్కడ పడిందో మాత్రం చెప్పదు. తన ప్రోగ్రాం చేత అది చెప్పించాలని హరితకు తట్టలేదు. పాపక్క చేతిలో తప్పు దొర్లుతుందనీ తట్టలేదు. తన కోడునే అనుమానించి, రాసింది కొట్టేసి మళ్ళీ రాసి, బాగున్నదాన్ని కూడా రెండుసార్లు చెడగొట్టుకుంది.

ఇక చేసేదేమీ లేక, పాపక్క దగ్గరున్న నోటుబుక్కులతో ఫైలును ఒకసారి సరిచూద్దామని గురువారం మధ్యాహ్నం కుప్పంలో బస్సెక్కింది. పలమనేరు మీదుగా పుంగనూరు చేరేసరికి పొద్దుగూకింది. "యోహాను ఏమన్నాడంట?" అని నాన్న మొదటి మాటగా అడిగాడు. "చూస్తాండాడు నాయనా," అంది. అంతకుమించి చెప్పే ధైర్యం లేకపోయింది. మైకులో చదివిన పేరును ఏ మొహంతో వెనక్కి తీసుకోమనాలి?

శుక్రవారం తొమ్మిదికల్లా మదనపల్లెలో ఉంది.

"తప్పా? నా చేతిలో?" పాపక్క కళ్ళజోడు తీసింది. "టైపు హయ్యర్ పరీక్షలో జిల్లాకే ఫస్టు వచ్చినదాన్ని. మీ నాయన్ని అడుగు, పేపర్లో పేరు ఏసినారు."

"నీది కాదు అత్తా, నాదే అయ్యుంటాది. ఒక్కసారి సరిచూస్తే నాకు నిమ్మళం."

ఇద్దరూ కూర్చున్నారు. పాపక్క నోటుబుక్కులోంచి చదువుతుంటే హరిత ప్రింటు కాగితం మీద వేలు పెట్టి చూసుకుంటూ పోయింది. పన్నెండు పాయింటు నాలుగు. ఉంది. మూడు పాయింటు ఒకటి. ఉంది. సున్నా, సున్నా, ఇరవై ఒకటి. అన్నీ ఉన్నాయి. పదకొండయ్యేసరికి అయిదేళ్ళ వాన దాటారు. ఒక్క పొల్లు తేడా లేదు.

పాపక్క గెలిచింది. హరిత ఓడిపోయింది. ఫైలు సరిగ్గా ఉందంటే తప్పు తన కోడులో ఉందన్నమాట. వారంలో దొరకనిది ఒక్క పూటలో దొరుకుతుందా? కాగితాలు ఒళ్ళో పెట్టుకుని ఆ పిల్ల ఏడ్చేసింది. దాచుకోవాలని కూడా చూడలేదు.

పాపక్క మొహంలోని గెలుపు చప్పున దిగిపోయింది. "ఏడవద్దమ్మా. సూడు, ఆ జూన్ నెల మళ్ళా కొడతా నీ ఎదురుగానే. నువ్వు సదువు. నా చేతివేళ్ళ మీదే కన్నేసి పెట్టు, యాడైనా జారితే పట్టుకో," అని కంప్యూటరు ముందు వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది.

హరిత కళ్ళు తుడుచుకుని చదివింది. పాపక్క తెర వైపు చూడదు, మీటల వైపు చూడదు. గోడ మీది క్యాలెండరు చూస్తూ కొడుతుంది. పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు హరిత ఈ వేళ్ళనే నోరు తెరుచుకుని చూసేది. "పదకొండు పాయింటు రెండు," అంది. కుడిచేతి ఉంగరం వేలు ఉన్నచోటనే టకటకమని రెండుసార్లు పడింది. "పద్నాలుగు." మళ్ళీ ఆ ఉంగరం వేలే. ఎడమచేతి చిటికెన వేలు మాత్రం కదలకుండా కూర్చుంది. ఒకటి ఉండేది పైవరుసలో ఎడమ చివరన. ఆ వేలు పైకి లేవనిదే ఒకటి పడటానికి వీల్లేదు.

"అత్తా! ఆగు, ఆగు. ఒకటి యాడ కొట్టినావు?"

"యాడ కొడతారు? చిన్న ఎల్ మీద."

"ఎల్ మీదా?"

"మరి? మిషన్లో ఒకటి యాడుండాది?" పాపక్కకు ఈ ప్రశ్నే వింతగా ఉంది. లేచి వెళ్ళి పక్కనున్న మిషను ముసుగు లాగింది. "సూడు. రెండుతోనే మొదలు. ఒకటికి ఎల్ కొట్టమనే మా సారు నేర్పించినాడు, నేనూ అదే నేర్పించినా. వెయ్యి మందికి నేర్పించింటా."

హరిత వంగి చూసింది. నిజమే, పైవరుస రెండుతో మొదలవుతోంది. ఆ మిషన్ల మీద ఒకటి అనే మీటే లేదు. కాగితం మీద చిన్న ఎల్, ఒకటి ఒకే తీరుగా పడతాయి కాబట్టి ఆ మీట లేని లోటు ఎవరికీ తెలిసేది కాదు. ఈ కంప్యూటరు తెర మీదా ఆ రెండూ కవల పిల్లలే. మనిషి కంటికి ఒకటి, కంప్యూటరుకు అక్షరం. ఒకటి ఉన్న ప్రతి అంకెనూ అది 'సంఖ్య కాదు' అని పక్కన పెట్టింది. సున్నాల ఫిబ్రవరి గట్టెక్కింది, వానల జూన్ మునిగింది.

హరితకు నవ్వొచ్చింది. నవ్వుతూనే పాపక్కను గట్టిగా వాటేసుకుంది. వారం రోజులుగా గుండెల మీద ఉన్న బండ ఎవరో దొర్లించినట్టయింది. తన కోడులో తప్పులేదు! చంకలో పిల్లను పెట్టుకుని సంతంతా వెతికినట్టు, అత్త వేళ్ళలో ఉన్నదాన్ని తన కోడంతా గాలించింది.

పాపక్క నవ్వలేదు. "అయితే పదివేలూ తప్పేనా? పన్నెండు దినాలు కొట్టినా."

"ఒక్కటీ తప్పు కాదు అత్తా. నువ్వు నేర్చుకున్నట్టే కొట్టినావు. దానికి తెలీలేదు అంతే. ఇప్పుడు తెలియజెప్తా సూడు."

ఫైలులోని ప్రతి ఎల్‌నూ ఒకటిగా మార్చమని ఒక్క ఆజ్ఞ ఇచ్చింది. పాపక్క కళ్ళజోడు సవరించుకునేలోపే అయిపోయింది. పెన్ డ్రైవ్‌లో తెచ్చుకున్న తన ప్రోగ్రాం నడిపింది. ముప్పయ్యేళ్ళ జూన్‌లూ ముప్పయ్యేళ్ళ సెప్టెంబర్లూ ఒక్కసారిగా తెర మీద బారులు తీరాయి. కొండప్ప చేలో సగటున ఏడాదికి ఏడువందల అరవై మిల్లీమీటర్ల వాన. ఆ అంకెను హరిత పైకి రెండుసార్లు చదివింది, ఆ హాయి కోసమే.

అక్కడితో మెయిల్ పంపేసి ఉండొచ్చు. కానీ ఆమెకు ఒక ఆలోచన తగులుకుంది. అత్త దగ్గర నేర్చుకున్నవాళ్ళే వెయ్యిమంది. ఊరూరా ఇట్లాంటి అత్తలు ఎంతమంది ఉంటారో. ఎవరి అంకెలు ఎవరు కొట్టారో ఎవరికి తెలుసు? కూర్చుని ఇంకో ఇరవై వరుసల కోడ్ రాసింది. ఇకమీదట అంకె కానిది తగిలితే ప్రోగ్రాం మొండికేసి ఊరుకోదు. ఫలానా వరుసలో, ఫలానా చోట, ఫలానా అక్షరం ఉంది, చూసుకోండి అని చెబుతుంది. మూడింటికి కరెంటు పోయింది, నాలుగున్నరకు వచ్చింది. అయిదింటికి పక్కవీధి నెట్ సెంటర్లో అత్త ఎల్‌ల కథతో సహా అన్నీ పంపి, అక్కడే బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

ఆరుంబావుకు జవాబు వచ్చింది. ఈసారి మర్యాద కాస్త తగ్గింది, హరితకు ప్రాణం లేచొచ్చింది. "పాస్. తప్పు ఎక్కడుందో చెప్పే ఏర్పాటు మా సాఫ్ట్‌వేర్‌లో ఇన్నాళ్ళూ లేదు, దాన్ని ఈ వారమే కలిపేస్తున్నాం. ఇంకో మాట. మా అమ్మ టైపు మిషన్లోనూ ఒకటి ఉండేది కాదు. మీ అత్తగారికి నా నమస్కారాలు."

నాన్నకు ఫోన్ చేసి ఒక్క మాట చెప్పింది. అవతల ఆయన మండీలో ఉన్నవాళ్ళకు అప్పుడే వినిపించడం మొదలుపెట్టాడు.

పరిగెత్తినట్టే ఇన్‌స్టిట్యూట్‌కు తిరిగొచ్చింది. నమస్కారాలు అందజేశాక, కాస్త జంకుతూ, "అత్తా, నీ జూన్ నెల వరుసొకటి నువ్వు కొట్టినట్టే ఎల్‌లతో ఉంచి పంపించినా. నీ పేరు పెట్టినా దానికి," అంది.

"అయ్యో! నా తప్పు దేశదేశాలోళ్ళకు సూపిస్తివా?"

"అట్ల కాదు. ఇంక ఎవురైనా అంకెలు సదివే కోడ్ మారిస్తే, ముందు నీ వరుస మీద నడిపి సూస్తారు. నీ ఎల్‌లను అది పట్టుకోవాల. పట్టుకోకపోతే ఫెయిల్."

పాపక్క గది నిండా ఉన్న ముసుగుల వైపు చూసింది.

"అంటే పరీక్ష పెట్టేది నేనన్నమాట."

"నువ్వే అత్తా."

"ఈ ఏడు నా దగ్గర పరీక్షకు పోయింది ముగ్గురే," అంది పాపక్క. కంప్యూటరు ముందు కూర్చుని, ఎడమచేతి చిటికెన వేలును పైకి చాచింది. యాభై రెండేళ్ళ వేలు. ఎన్నడూ పోని చోటికి పోవాలంటే దానికి కష్టంగానే ఉంది. పక్క మీట మీద పడింది. చెరిపేసి, కిందికి చూడకుండానే మళ్ళీ చాచి కొట్టింది.

"సూడమ్మా. ఇది ఒకటేనా?"

హరిత తెర మీదికి వంగింది. కంటితో చూసి చెప్పడం తన వల్ల కూడా కాలేదు. ఆ ఒక్క అంకె మీద తన ప్రోగ్రాం నడిపింది. అది ఏ వరుసా చూపించలేదు, ఏ తప్పూ పట్టలేదు.

"ఒకటే అత్తా," అంది.