చూడకుండా వేసే మార్కులు

మాదాపూర్‌లో కొత్తగా లేస్తున్న టవర్ల దగ్గర తాపీ పని చేసే ఎల్లయ్యకు కాలేయం వాచింది. అందుకే డాక్టరు చదువు ఆఖరి ఏడాది ప్రాక్టికల్ పరీక్షకు ఆయన్నే కేసుగా పడుకోబెట్టారు. పొద్దుటి నుంచి వచ్చిన విద్యార్థులందరూ ఆయన పొట్ట నొక్కి వెళ్లారు. వాసంతి వంతు వచ్చేసరికి ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"జర మెల్లగ, బిడ్డా. పానం పోతాంది."

వార్డు చివర కుర్చీలో కాఫీ తాగుతూ, పరీక్షాధికారి రంగనాథ్ గారు కేకేశారు.

"కాలేయం ఎంత పెరిగిందమ్మా? తొందరగా చెప్పు!"

వాసంతికి ఒళ్లు మండిపోయింది. ఈయనతో పెట్టుకుంటే ఏడాది పోతుందని తెలుసు. అయినా నోరు ఆగలేదు.

"నేను చెయ్యి ఎలా వేస్తానో చూడకుండా మార్కులెలా వేస్తారండీ? పొద్దుటి నుంచి ఒక్కరినైనా చూశారా? ఈయన ఏడుస్తున్నాడు, అదైనా కనబడిందా?"

"ఫెయిలవ్వాలనుందా?"

"ఫెయిల్ చెయ్యండి. ఇక్కడికొచ్చి, చూసి చెయ్యండి."

రంగనాథ్ గారు ముఖం గంటు పెట్టుకుని మంచం దగ్గరికి వచ్చారు. వాసంతి ఎల్లయ్య మోకాళ్లు మడిపించి, నొప్పి లేని వైపు నుంచి మెల్లగా చెయ్యి జరిపింది.

"ఊఁ, ఎంత?"

"ఆయన్ని ఊపిరి పీల్చుకోనివ్వండి సార్."

రంగనాథ్ గారు ఆ రోజు మొదటిసారి ఒక విద్యార్థి చేతిని చూస్తూ నిలబడ్డారు.