ఎవరి దగ్గర కొనాలి

"వదినా, నాకు పంచదార తక్కువ," అన్నాడు క్రుమ్. మందుల టోకు కంపెనీ తరఫున ఆర్డర్లు పట్టుకెళ్ళడానికి వచ్చే మనిషి. రుమ్యానా తమ మందుల దుకాణం వెనకగదిలో అతనికి కాఫీ కాస్తోంది. మందుల చదువు చదివింది ఆమె. ముందు కౌంటరు దగ్గర అతనితో కూర్చుని ఏం కొనాలో తేలుస్తున్నది ఆమె భర్త వెలిస్లావ్. పెళ్ళినాటికి అతను టైర్లు అమ్మేవాడు.

"అన్నా, పది పెట్టెల సన్‌స్క్రీన్ తీసుకుంటే రెండు ఊరికే. పైగా ఇద్దరికీ సముద్రం ఒడ్డున వారం!"

వెలిస్లావ్ ఈమధ్యే మానేసిన పాత కంపెనీ ఏ కానుకా ఇచ్చేది కాదు. రోజూ రెండుసార్లు వ్యాను పంపేది. గడువు దగ్గరపడ్డ సరుకు వెనక్కి తీసుకునేది. దొరకని మందులు వస్తే ముందు వీళ్ళకు ఉంచేది. రుమ్యానా ఈ మాట అన్నందుకే అత్తగారు కసిరింది: "మగవాళ్ళు బేరమాడుతుంటే నీకెందుకమ్మా? తెల్లకోటు వేసుకుని నీడపట్టున కూర్చోక!" ఆ కోటు విప్పాక వంట, అంట్లు, అత్తగారి కాళ్ళకు మందు. అదంతా నీడపట్టున కూర్చోవడమే కాబోలు.

తలుపు తోసుకుని పెన్కా మామ్మ వచ్చింది. మనవరాలు ఇస్క్రాకు మూర్ఛ. ఇంట్లో మాత్రలు రేపటితో సరి.

"వచ్చాయా తల్లీ?"

రుమ్యానా పాత కంపెనీకి ఫోన్ చేసింది. "మీరు మానేశారుగా అమ్మా. వచ్చిన కాసిని మా దగ్గర ఎప్పుడూ కొనేవాళ్ళకే చాలడం లేదు," అంది అవతలామె. ఆమెను తప్పుపట్టడానికేముంది?

"అదే మందు వేరే కంపెనీ తయారుచేసింది ఇచ్చెయ్ వదినా, అన్నీ ఒకటే," అన్నాడు క్రుమ్.

"ఈ పిల్లకు మాత్రల కంపెనీ మార్చొద్దని డాక్టరు రాశాడు. మారిస్తే మళ్ళీ మూర్ఛ వస్తే నువ్వొచ్చి పట్టుకుంటావా?"

"సరేలే తల్లీ," అని మామ్మ గుమ్మంకేసి తిరిగింది. మందు లేకుండా వెళ్ళేవాళ్ళ వీపులు రుమ్యానా ఇంతకుముందూ చూసింది. కొందరు ఆ తర్వాత మరి కనిపించలేదు. తనతో చదువుకున్న అమ్మాయికి విదిన్ పట్నంలో ఉన్న మందుల దుకాణానికి ఫోన్ చేసింది. ఉన్నాయి, వెంటనే రమ్మంది. రుమ్యానా కారు తాళాలు తీసుకుంది.

"ఆగు మామ్మా! నీ మోకాళ్ళతో బస్సెక్కలేవు. నేను తీసుకెళ్తా."

"పిచ్చా నీకు?" వెలిస్లావ్ లేచాడు. "నువ్వు లేకుండా దుకాణం తెరిచుంటే జరిమానా వేస్తారే! నేను మందులు అమ్మకూడదు, తెలీదూ?"

ఇన్నేళ్ళలో ఆ మాట అతని నోట రావడం అదే మొదలు.

"అమ్మకూడనివాడివి కొంటున్నావెలా?" అంది రుమ్యానా. లైట్లు ఆర్పింది. ఇద్దరు మగవాళ్ళూ బయటికి వచ్చేదాకా తలుపు పట్టుకుని నిలబడి, తాళం వేసుకుంది.